కొడుక్కి అయిదు లక్షలు, కూతురికి ‘ఇక్కడే చదువుకో’: ఆయనకి ఏమని చెప్పాలి?

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మా వారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా పాపకి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఫిజిక్స్ అంటే ప్రాణం. పరీక్ష రాసి తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యాసంస్థ) సీటు తెచ్చుకుంది, అయిదేళ్ల కోర్సు. మా వారు వద్దంటున్నారు. గుంటూరులోనే ఏదో ఒక డిగ్రీలో చేరితే చాలు, ఆ డబ్బు పెళ్లికి పనికొస్తుంది అంటారు. అదే వారం బాబుని విజయవాడ దగ్గర రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌కి చేర్చి, రెండేళ్లకి అయిదు లక్షలు మాట్లాడి వచ్చారు. ఇదేంటని అడిగితే, “ఆడా మగా ఒకటి కాదు, ప్రకృతే అలా పుట్టించింది. ఈ సమానత్వం గోలంతా ఫారిన్ నుంచి వచ్చింది. మనింట్లో ఆడవాళ్లని లక్ష్మీదేవిలా చూసుకోవట్లేదా?” అన్నారు. నాకు నోట మాట రాలేదు. నేను బీకాం చదివాను, వ్యాపారం లెక్కలన్నీ రాత్రిళ్లు నేనే చూస్తాను. అసలు ఈ సమానత్వం మాట మొదట ఎవరన్నారు, ఏం చూసుకుని అన్నారు? ఆయన మంచి మనిషే, గొడవ పెట్టుకోవాలని లేదు, కానీ జవాబు చెప్పాలని ఉంది.
- ఒక తల్లి

సమాధానం:

అమ్మా, ముందు పాపకి నా అభినందనలు చెప్పండి. ఆ సీటు తెచ్చుకోవడం చిన్న విషయం కాదు. రెండో మాట, సీటు ఖాయం చేసుకోవడానికి ఫీజు కట్టాల్సిన ఆఖరు తేదీ ఏదో ఇవాళే చూడండి. ఆ తేదీలోపు మీ ఇద్దరి మధ్యా విషయం తేలకపోతే, ఆయనకి చెప్పే, మొదటి ఫీజు కట్టేయండి. దాచిపెట్టి మాత్రం కట్టొద్దు, అది తర్వాత పాప మీదకే వస్తుంది.

ఇక మీరడిగిన దానికి వస్తాను. మీ వారు అన్న మాటల్లో ఏదీ కొత్తది కాదు, వాటికి జవాబులూ కొత్తవి కావు. 1405లోనే ఫ్రాన్స్‌లో క్రిస్టీన్ ద పిజాన్ అనే ఆవిడ, పాతికేళ్ల వయసులో భర్త పోతే రాతపని చేసి పిల్లల్ని పెంచుకున్న మనిషి, ఆడపిల్లల్ని కూడా మగపిల్లల్లాగే బడికి పంపి అవే పాఠాలు చెబితే వాళ్లంత బాగానూ నేర్చుకుంటారు అని రాసింది. ఆరు వందల ఏళ్ల కిందటి మాట ఇది. ఆ తర్వాత వచ్చిన వాదనలన్నిటికీ మొదలు ఇక్కడే ఉంది, అంటే ఆడవాళ్లు గొప్పవాళ్లా కాదా అనే పోటీ పెట్టుకోకుండా, నేర్పకుండానే రాదని ఎలా తేల్చారు అని తిరిగి అడగడం. మీరు కూడా ఇక్కడే నిలబడండి. “నా కూతురు నా కొడుకు కంటే తెలివైనది” అని మొదలుపెడితే అన్నం దగ్గర అక్కాతమ్ముళ్ల మధ్య తగువు మిగులుతుంది.

ప్రకృతి సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ వారే కాదు, మర్యాదస్తులైన చాలా మంది మగవాళ్లు నిజంగా నమ్మే మాట ఇది.

1792లో లండన్‌లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ స్త్రీల హక్కులను సమర్థిస్తూ ఒక పుస్తకం రాసింది. ఆవిడ పుట్టింట్లో జరిగింది మీ ఇంటి విషయానికి దగ్గరగానే ఉంటుంది. పెద్దన్నకి లాయరు చదువు, తాత ఆస్తిలో వాటా. ఈవిడకి పేరుకి మాత్రం చదువు. పొట్టపోసుకోవడానికి ఒక ధనవంతురాలికి తోడుగా ఉండే ఉద్యోగం చేసింది, చెల్లెళ్లతో కలిసి బడి నడిపింది, ఐర్లండ్‌లో ఒక జమీందారు ఇంట్లో పిల్లలకి పాఠాలు చెప్పింది. అప్పటికి యూరప్‌లో తత్వవేత్త రూసో మాటంటే చాలా మందికి వేదం. ఆయన 1762లో పిల్లల చదువు గురించి రాస్తూ, ఆడపిల్ల చదువంతా మగవాడిని సంతోషపెట్టడానికి, అతనికి పనికిరావడానికి ఉండాలని తేల్చాడు. ఎందుకయ్యా అంటే, ప్రకృతి.

వుల్‌స్టన్‌క్రాఫ్ట్ ఏం చేసిందంటే, సగటున మగవాడికి ఒంటి బలం ఎక్కువే అని మొదటే ఒప్పేసుకుంది. అందులో తగాదా లేదు. కానీ ఆలోచించే శక్తి, తప్పొప్పులు తేల్చుకునే శక్తి మనిషికి ఉన్నవి, వాటికి ఆడా మగా లేదు, మగవాడికి ఒక నీతీ ఆడదానికి ఇంకో నీతీ ఉండవు అంది. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) భుజానికెత్తి లారీలో వేసేది మగ హమాలీలే, నిజమే. అలాగని టిక్కీ ఎత్తగలవాడికే ఫిజిక్స్ సీటు అని ఎవరూ అనరు కదా. పైగా ఒంటి బలం తక్కువన్న సంగతి కూలి పనుల దగ్గర ఎవరికీ గుర్తు రాదు. ఎండలో వంగి మిర్చి కోసేదీ, రోజంతా ఘాటులో కూర్చుని తొడిమలు తీసేదీ, తాలు ఏరేదీ ఎక్కువగా ఎవరో మీ వారికి నాకంటే బాగా తెలుసు.

ఆవిడ వాదనల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది సైన్యం గురించినది. ఆ రోజుల్లో ఆడవాళ్ల మీద ఒక నింద ఉండేది, సోకులు ఎక్కువ, కబుర్లు ఎక్కువ, లోతు తక్కువ, మెప్పు కోసం పడి చస్తారు అని. ఆవిడ, సరే, సైన్యంలో ఆఫీసర్లని చూడండి అంది. వాళ్లని కూడా చిన్న వయసులోనే సరైన చదువు లేకుండా లోకంలోకి తోసేస్తారు, పైపై మర్యాదలు నేర్పుతారు, చెప్పింది చేయడం అలవాటు చేస్తారు. వాళ్లకీ అవే సోకులు, అవే కబుర్లు, అదే మెప్పు పిచ్చి. వాళ్లు మగవాళ్లే కదా, మరి ఆ లోపాలు ఆడపుట్టుకలోంచి వచ్చాయని ఎలా అంటారు? పెంపకం ఒకటైతే ఫలితమూ ఒకటే. రెండు వందల ముప్పై ఏళ్లు దాటింది, ఈ వాదన ఇంకా చెక్కుచెదరలేదు. విజయవాడలో కాలేజీ పిల్లలతో మాట్లాడేటప్పుడు ఇది చెబితే ముందు నవ్వేది మగపిల్లలే, ఒప్పుకునేది కూడా వాళ్లే.

తర్వాత 1869లో ఇంగ్లండు తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ స్త్రీల అణచివేత మీద రాసిన పుస్తకంలో ఇంకో మాట అన్నాడు, దాని వెనుక భార్య హారియట్ టేలర్ ఆలోచన చాలా ఉంది, ఆవిడ స్త్రీల ఓటు హక్కు గురించి 1851లోనే రాసింది. మిల్ అన్నది ఏమిటంటే, స్త్రీలు సహజంగా చేయలేని పని ఏదైనా ఉంటే దాన్ని చేయొద్దని అడ్డుపెట్టాల్సిన అవసరమే లేదు, ఎలాగూ చేయలేరు. అడ్డుపెడుతున్నారంటేనే చేయగలరేమో అన్న సంగతి మనసులో ఎక్కడో ఉందని అర్థం. ఇది మీ వారికి మెల్లగా, నొప్పించకుండా చెప్పండి. పాపకి ఫిజిక్స్ రాదని ప్రకృతే నిర్ణయించి ఉంటే ఆ పరీక్షే ఆపేసేది. పరీక్ష ఆపలేదు. ఆపుతున్నది మీ ఇంట్లో తీసుకున్న నిర్ణయం. నిర్ణయం మనుషులది కాబట్టి మనుషులే మార్చుకోవచ్చు.

ఇంకో సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది, ఉత్తరంలో మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. రాత్రి అందరూ పడుకున్నాక రైతుకి ఎంత ఇవ్వాలి, కొన్నవాడి దగ్గర నుంచి ఎంత రావాలి, కమీషన్ ఎంత మిగిలింది, జీఎస్టీ ఎప్పుడు కట్టాలి, ఇదంతా చూసేది మీరు. ఆయన నమ్మి మీ చేతిలో పెట్టారు. అంటే డబ్బు లెక్క దగ్గర ఆడదాని బుర్ర ఆయనకి పనికొచ్చింది, అక్కడ ప్రకృతి అడ్డు రాలేదు. ఆ సంగతి ఆయన ముందు పెట్టండి, దెప్పినట్టుగా వద్దు, మీ ఇద్దరికీ తెలిసిన నిజంగా పెట్టండి.

ఫారిన్ నుంచి వచ్చిందనే మాట ఉంది చూశారూ, అది వింటే నాకు కోపం కంటే బాధ ఎక్కువ వస్తుంది, ఎందుకంటే మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లనే మనం మర్చిపోయాం. 1882లో బేరారు ప్రాంతంలోని (ఇప్పటి మహారాష్ట్ర) బుల్ఢాణాలో తారాబాయి షిండే అనే ఆవిడ మరాఠీలో స్త్రీ పురుషుల్ని పోలుస్తూ ఒక చిన్న పుస్తకం రాసింది. సూరత్‌లో బిడ్డని చంపిందన్న నేరానికి ఒక యువ వితంతువుకి శిక్ష పడితే, దాన్ని పట్టుకుని ఆడజాతి మొత్తాన్ని పత్రికలు తిడుతుంటే మండిపోయి రాసింది. భార్య చస్తే రోజుల్లో ఇంకో పెళ్లి చేసుకుంటారే, భర్త చస్తే ఆడది మాత్రం బతికినంత కాలం చచ్చినట్టు ఎందుకు ఉండాలి? ఆడవాళ్లకి అంటగట్టే లోపాల్లో మగవాళ్లలో లేనిది ఏది? ఒక్కొక్క లోపం తీసుకుని వరసగా అడుగుతూ పోయింది. ఆవిడ మీద విమర్శలు వచ్చినప్పుడు జోతిరావు ఫూలే ఆవిడ పక్షాన నిలబడ్డాడు. మన దేశంలో మొదటి స్త్రీవాద రచనల్లో ఒకటని దాన్ని చెబుతారు. ఆవిడ వాదనకి సరుకంతా చుట్టూ ఉన్న ఇళ్లలోంచే వచ్చింది.

ఇంకా దగ్గరికి రండి. భండారు అచ్చమాంబ 1874లో మన నందిగామ ప్రాంతంలో పుట్టింది. చిన్నతనంలోనే పెళ్లి. బడికి వెళ్లింది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుని తన దగ్గర ఉంచుకుని చదివించుకుంటూ, అతని సాయంతో ఇంట్లోనే చదువు నేర్చుకుంది. ఆ తమ్ముడు తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పునాది వేసిన పండితుడయ్యాడు. ఆ అక్క వేదకాలం నుంచి తన కాలం దాకా స్త్రీల చరిత్రలు ఏరి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది, తెలుగులో స్త్రీల చరిత్ర రాసిన తొలి రచయిత్రిగా ఆవిడని చెబుతారు. ఆడవాళ్లు బలహీనులు, తెలివి తక్కువవాళ్లు అనే మాట అబద్ధమని చూపడానికి, చదివిస్తే చెడిపోతారనే భయం వట్టిదని చూపడానికి ఇది రాస్తున్నానని ముందుమాటలో చెప్పుకుంది. ఎవరినీ తిట్టలేదు, ఒకరి తర్వాత ఒకరి జీవితం తెచ్చి ముందు పెట్టింది. వాదించడానికి అది చాలా గట్టి పద్ధతి. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి స్త్రీ సమాజం పెట్టింది. 1905లో పోయేనాటికి ఆవిడకి ముప్పై దాటాయంతే. అక్కా తమ్ముడూ ఇద్దరికీ ఒకేలా బడి దొరికి ఉంటే ఆవిడ ఇంకెంత చేసి ఉండేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

మీ గుంటూరులోనే, 1922లో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు ఆడపిల్లల చదువు కోసం శారదానికేతనం పెట్టారు. భార్యాభర్తలిద్దరూ కలిసి, ఊళ్లో మాటలు పడుతూ చేసిన పని. ఆయనకి ఇది తప్పకుండా చెప్పండి, ఎందుకంటే గుంటూరు మగవాళ్లు దీనికి వ్యతిరేకులు అని ఆయన అనుకోకూడదు.

మిల్ సంగతి ఒకటి మిగిలిపోయింది. లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఆఫీసులో ముప్పై అయిదేళ్లు ఉద్యోగం చేశాడు కాబట్టి మన సంస్థానాల కాగితాలన్నీ ఆయన చేతుల మీదుగా వెళ్లేవి. హిందూ సంస్థానాల్లో ఎక్కడైనా పాలన గట్టిగా, పొదుపుగా, ప్రజలకి బాధ లేకుండా సాగుతుంటే నాలుగింట మూడు చోట్ల అక్కడ ఏలుతున్నది స్త్రీయే అని ఆ పుస్తకంలోనే రాశాడు. అంటే వాళ్లు మన రాణుల్ని చూపించి అక్కడ వాదించారు. మందడం పక్కన మల్కాపురంలో రుద్రమదేవి కాలం నాటి శాసనం, 1261 నాటిది, ఇప్పటికీ ఉంది. అందులో ప్రసూతిశాల ప్రస్తావన కూడా ఉంది. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి, గుంటూరుకి దూరమేమీ కాదు.

లక్ష్మీదేవిలా చూసుకుంటున్నాం అనే మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి, అందులో ప్రేమ ఉంది, దాన్ని తోసిపారేస్తే ఆయన మనసు నొచ్చుకుంటుంది. కానీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌కి ఈ పూజ మీదే ఎక్కువ అనుమానం. కింద పడిన రుమాలు పరుగెత్తి తీసి ఇవ్వడం, తలుపు మూసి పెట్టడం, ఇలాంటి మర్యాదలు చేస్తూనే నిర్ణయాలన్నీ తమ దగ్గర ఉంచుకుంటారు అంది. ఆడవాళ్లకి మగవాళ్ల మీద అధికారం రావాలని నేను కోరడం లేదు, తమ మీద తమకి అధికారం ఉండాలి అని రాసింది. మీ పాప అడుగుతున్నది కూడా ఇంతే. ఆమె నాన్న మీద గెలవాలని అనుకోవడం లేదు, తన అయిదేళ్లు తనకి కావాలంటోంది. మర్యాద ఇచ్చేవాళ్ల ఇష్టాన్ని బట్టి ఉంటుంది, రేపు అత్తారింట్లో వాళ్ల ఇష్టం వేరేగా ఉంటే ఈ లక్ష్మీదేవి హోదా అక్కడ చెల్లదు, చదువు మాత్రం ఎక్కడైనా చెల్లుతుంది.

ఒక వాదన మాత్రం వాడొద్దని బతిమాలుతున్నాను, మనవాళ్లకి సులువుగా నోటికొచ్చేది అదే: “బాగా చదివితే మంచి సంబంధం వస్తుందండీ, రేపు తన పిల్లలకి తనే చదువు చెప్పుకుంటుంది.” మొదటి తరం వాళ్లు కూడా ఇది వాడారు. చదువుకున్న స్త్రీ మంచి తల్లి అవుతుందని వుల్‌స్టన్‌క్రాఫ్ట్ రాసింది, మన వీరేశలింగం పంతులుగారూ ఆడపిల్లల చదువుకి ఎక్కువగా ఇల్లు చక్కబడుతుందనే కారణమే చూపారు. ఆ కాలంలో మూసిన తలుపు తెరవడానికి అది పనికొచ్చింది, వాళ్లని తప్పుపట్టను. కానీ ఆ కారణం మీద నిలబడితే, మంచి సంబంధానికి సరిపడా చదువు అయిపోగానే చాల్లే అంటారు. మీ వారు గుంటూరులో డిగ్రీ చాలు అంటున్నది కచ్చితంగా ఆ లెక్క ప్రకారమే. పెళ్లికి అది చాలు మరి! కాబట్టి పాప ఫిజిక్స్ చదవాలనుకోవడానికి కారణం ఫిజిక్స్ అనే చెప్పండి. బాబు చదువుకి మనం ఇంకో కారణం వెతకడం లేదు కదా, వాడి చదువు వాడి కోసమే అనుకుంటున్నాం.

పెళ్లికి దాచే డబ్బు గురించి రెండు ముక్కలు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 నుంచి నేరం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు మన రాష్ట్రంలో 1985లో వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. ఆయన సొంతంగా సంపాదించుకున్నది ఆయన ఇష్టమే అనుకోండి. ఇది ఆయన్ని బెదిరించడానికి చెప్పొద్దు, పాప వాటా అంటే పెళ్లి ఖర్చు అని ఇంట్లో ఎవరూ అనుకోకుండా ఉండడానికి చెప్పండి.

ఎలా మాట్లాడాలంటే, యార్డు టెన్షన్ లేని రోజు చూసుకోండి, అత్తమామలూ చుట్టాలూ లేనప్పుడు. మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కతోనే మొదలుపెట్టండి. ఒకే కాగితం మీద ఒక వైపు బాబు రెండేళ్ల ఖర్చు, ఇంకో వైపు పాప అయిదేళ్ల ఖర్చు, ఫీజు, హాస్టలు, రానుపోను చార్జీలతో సహా రాయండి. కింద ఏమీ రాయకండి. ఆయననే చూడనివ్వండి. తర్వాత ఆయన భయం ఏమిటో అడగండి, ఎందుకంటే ప్రకృతి అనే మాట వెనుక చాలా సార్లు వేరే భయం ఉంటుంది: అంత దూరం ఒక్కతే ఎలా, చుట్టాలు ఏమంటారు, వయసు దాటితే సంబంధాలు వస్తాయా. దూరం భయం నిజమైతే ఇద్దరూ కలిసి తిరుపతి వెళ్లి హాస్టలు చూసి, అక్కడ చదువుతున్న అమ్మాయిలతో మాట్లాడి రండి. డబ్బు భయం నిజమైతే బ్యాంకులో విద్యా రుణం ఉంది, సైన్సు చదివేవాళ్లకి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది, పాపకి అర్హత ఉందేమో అడ్మిషన్ ఆఫీసులో అడగండి. చుట్టాల భయం ఒక్కటే మిగిలితే అప్పుడు మీరు కాస్త గట్టిగా ఉండాల్సి వస్తుంది, మెత్తబడకండి.

మిల్ గురించి ఆయనకి చెబుతారు కాబట్టి ఇది కూడా చెప్పండి. ఆ రోజుల్లో ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్లయితే భార్య ఆస్తి, సంపాదన, ఆమె మీద హక్కు అన్నీ భర్తవే. 1851లో హారియట్‌ని పెళ్లి చేసుకునేటప్పుడు మిల్, చట్టం నాకిచ్చే ఈ అధికారాలు నాకొద్దు, ఎప్పటికీ వాడను అని కాగితం మీద రాసిపెట్టాడు. ఎవరూ అడగలేదు, బలవంతం చేయలేదు. మీ వారు మంచి మనిషి అన్నారు కాబట్టి నమ్మకంగా చెబుతున్నాను, ఇలాంటి మగవాళ్ల సంగతి విన్నప్పుడు మంచి మనుషులకి లోపల ఏదో కదులుతుంది.

ఆ మాటలు జరిగేటప్పుడు పాప కూడా అక్కడే కూర్చోవాలి. ఆమె సీటు గురించి ఆమెను పక్క గదిలో ఉంచి తేల్చొద్దు. తనకి ఫిజిక్స్ ఎందుకో నాన్నకి తనే చెప్పాలి, తడబడినా పర్వాలేదు, మీరు మధ్యలో అందుకోకండి. వీలైతే బాబునీ కూర్చోబెట్టండి. ఆ రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లడం వాడికి ఇష్టమో లేదో కూడా ఇంతవరకు ఎవరూ అడిగినట్టు ఉత్తరంలో కనిపించలేదు.

మాట్లాడాక ఏమైందో రాయండి. రుణం కాగితాల దగ్గర ఎక్కడైనా ఆగితే అదీ రాయండి, తెలిసినవాళ్లని అడిగి చెబుతాను.